పొగగది మీది కిటికీ

తిరుత్తణి బజారులో పొద్దున్నే కొట్టు తలుపు తీసినవాడు ముందు దేవుడి పటానికి దణ్ణం పెట్టి, ఆ వెంటనే వీధి మొదటికేసి చూస్తాడు, చంద్రావతి వస్తోందేమోనని. ఆమె వచ్చి ఒక సబ్బుబిళ్ళో పావుకిలో పప్పో బోణీ చేసి పోతే ఆ రోజుకిక తిరుగుండదని బజారంతటికీ నమ్మకం. దీన్ని అక్కడ కైరాశి అంటారు, చేతి చలవ అన్నమాట. చంద్రావతినే అడిగి చూడండి, "అవునుమా, నా చెయ్యి అట్లాంటిది" అంటుంది, ఇంటి నంబరు చెప్పినంత మామూలుగా. గొప్పలు పోతోందని మనం అనుకుంటాం గానీ ఆమెకు ఆ ఊహే ఉండదు. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?

ఆమెది అరటిపండ్ల మండీ. మురుగన్ కొండకు పోయే దారిలో ముందు కొట్టు, వెనక పొగగది, పైన ఇల్లు. గల్లాపెట్టె దగ్గర భర్త భక్తవత్సలం కూర్చుంటాడు. కూర్చుంటాడు అంతే, మాట్లాడేది చంద్రావతి. కొడుకు లక్ష్మీకాంత్ టెంపో వేసుకుని తోటల వెంట తిరిగి పచ్చి గెలలు తెస్తాడు. ఆ గెలలను పొగగదిలో వరసగా నిలబెట్టి, మూల ఉన్న చట్టిలో వరిగడ్డి, ఎండుటాకులు వేసి నిప్పంటించి, తలుపు సందులన్నిటికీ బంకమన్ను మెత్తుతారు. లోపల పొగ ఊరుతుంది. మరునాడు వెనక గోడలో పైన ఉన్న బొక్కకు అడ్డు తీసి పొగ బయటికి వదిలేస్తారు. ఆ తర్వాత కాయలు వాటంతట అవే పసుపు తిరుగుతాయి. బొక్క దగ్గర ముక్కు పెట్టి "తీసేయండి" అనో, "ఇంకొంచేపు ఉండనీ" అనో చెప్పేది చంద్రావతే. ఎవరైనా కార్బైడు రాళ్ళ మాట ఎత్తితే మాత్రం వాడికి ఆ పూట పండగే. "రాయి పెట్టిన పండు బయట పసుపు, లోపల సున్నం. ముందు నీ పిల్లలకు పెట్టి, తర్వాత నాకు చెప్పు" అని వీధి చివరిదాకా వినబడేలా దులిపేస్తుంది.

ఆమె కైరాశికి ఒక పుట్టుక ఉంది. పెరియపాళయం దగ్గర పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో మండీకి గడ్డురోజులు. ఎన్నిసార్లు పొగ పెట్టినా సగం గెలలు మాగేవి, సగం పచ్చిగానే మొండికేసేవి. మామగారు విసిగిపోయి, "కొత్త చెయ్యి పడనీ, ఏమైనా మారుతుందేమో" అని అగ్గిపెట్టె ఆమె చేతికిచ్చాడు. కొత్త కోడలు అగ్గిపుల్ల గీసే ముందు వంగి చూసి, "మామా, తలుపు కింద ఈ సందులో నా వేలు పడతా ఉంది. దీనికి మన్ను పెట్టకుండా ఎట్ల?" అంది. పెట్టించాడు. ఆ దఫా గెలలన్నీ ఒకే తీరున, బంగారంలా పండాయి. మామగారు బజారంతా తిరిగి మా కోడలి కైరాశి చూడండని చెప్పుకున్నాడు. తలుపు కింది సందు గురించి ఎవరూ మాట్లాడలేదు. పోను పోను చంద్రావతి కూడా దాన్ని మరిచిపోయింది.

ఇక మేడమీద తీగల సంగతి. వరండా నిండా ఆమె తీగలే. మనీప్లాంటు ఒకటి మెట్ల కమ్మీ పట్టుకుని పైకప్పుదాకా పోయింది. అది బ్యాంకు మేనేజరు గుమ్మంలోంచి అడక్కుండా తుంచుకొచ్చినది. అడిగి తెచ్చుకుంటే పెరగదని ఆ వీధిలో పెద్ద శాస్త్రం, అందుకే ఆ వీధిలో ఎవరి మనీప్లాంటూ ఎవరిదో చెప్పలేం. బాణం ఆకుల తీగ ఒకటి, చారల ఆకుల తీగ ఒకటి, గుండె ఆకారం ఆకులది ఇంకొకటి. చంద్రావతి పుల్ల గుచ్చితే చాలు, చివురు వేయాల్సిందే. ఇంటికొచ్చిన వాళ్ళకు కాఫీ కంటే ముందు తీగలు చూపిస్తుంది. అన్నీ ఆకుల తీగలే, పూసే రకం ఒక్కటీ లేదన్న సంగతి చూసినవాళ్ళకు గానీ చూపించిన ఆమెకు గానీ ఎప్పుడూ తట్టలేదు.

ఆ ఇంటికి పూసే తీగ కోడలితో వచ్చింది. లక్ష్మీకాంత్ పెళ్ళాం రమ్యశ్రీ తిరునిన్రవూరు పిల్ల. తండ్రి రత్నస్వామి రోజూ లోకల్ రైలెక్కి ఫ్యాక్టరీకి పోయి వచ్చి పిల్లను బీకాం చదివించాడు. అత్తారింటికి వచ్చేటప్పుడు ఆ పిల్ల ఒళ్ళో చిన్న మట్టికుండీ పెట్టుకుని వచ్చింది. మందపాటి ఆకులు, గిల్లితే ప్లాస్టిక్కేమో అనిపించేటంత నున్నగా ఉన్నాయి.

"నర్సరీలో హోయా అంటారత్తా. మా ఇంట్లో మైనం పూలతీగ అంటాం. బంతిలాగా గుత్తి వస్తుంది, ఒక్కో పువ్వూ చిన్న చుక్క. మైనంతో పోసినట్టుంటుంది. పొద్దుగూకితే వాసన వీధిలోకి వస్తుంది" అంది రమ్య, కుండీ పట్టుకుని నిలబడి. "యాడ తగిలించేది?"

"తీగల సంగతి నన్నడుగు" అని చంద్రావతి సుత్తి తెప్పించింది. వెనక కిటికీ తూర్పు ముఖం. పొద్దుటి వెలుగు బాగా పడుతుంది, నడినెత్తి ఎండ తగలదు. తానే స్టూలెక్కి కిటికీ చట్రానికి మేకు కొట్టి, కుండీ వేలాడదీసి, దిగి చేతులు దులుపుకుంది. ఆ కిటికీ సరిగ్గా పొగగది మీద ఉంటుంది.

తీగ బాగానే పాకింది. రమ్య దానికి నీళ్ళు ఊరికే పోసేది కాదు, మన్ను ఎండిందో లేదో వేలు గుచ్చి చూసి పోసేది. "ఆ కుండీ ఏంది, బొమ్మరిల్లు కుండీలా ఉంది, పెద్దదానికి మార్చు" అని అత్త అంటే, "వేర్లు ఇరుక్కుని ఉంటేనే పూస్తుందత్తా" అని ఊరుకునేది. ఎండలు ముదిరే రోజుల్లో ఆకు పక్కన చిన్న కాడ వచ్చి, కాడ చివర ఆవగింజల్లాంటి మొగ్గలు తొడిగేవి. ఇంటిల్లిపాదీ చూసేవాళ్ళు. ఆడి నెల, అంటే మన ఆషాఢం రోజులు, వచ్చేసరికి మొగ్గలు పండుబారి రాలిపోయేవి. మరుసటి ఏడూ అంతే. ఆ పై ఏడూ అంతే. మిగిలిన బోడి కాడలు చూసి చంద్రావతి, "ఎండుపుల్లలు ఎందుకు, కత్తిరించి పారేయి" అనేది. ఏ మాటకూ ఎదురుచెప్పని రమ్య ఆ ఒక్క మాట మాత్రం వినలేదు. "అవి ఎండుపుల్లలు కాదత్తా. మళ్ళీ పూసేటప్పుడు వాటికే పూస్తుంది."

ఒకనాడు పొద్దున పూలమ్మే సెల్వి మెట్ల మీద మల్లెపూలు మూరేస్తూ, "అక్కా, మీ కోడలి తీగ పూసిందా?" అని అడిగింది. చంద్రావతి చూపు మూర మీద ఉంది, సెల్వి చెయ్యి కురచగా సాగుతోందేమోనని. ఆ ధ్యాసలోనే, "యాడ పూస్తుంది, ఆ పిల్లకు కైరాశి తక్కువ" అనేసింది. కడుపులో ఏ దురుద్దేశమూ లేదు. ఆమెకు అది కూడా ఉన్నమాటే.

సెల్వి పూలబుట్ట ఎన్ని గుమ్మాలు తిరుగుతుందో ఆ మాటా అన్ని గుమ్మాలు తిరిగింది. ఎదురింట్లో దోసెపిండి వ్యాపారం మొదలుపెట్టిన మునియమ్మ బోణీకి పిలవడానికి వచ్చి, కాఫీ గ్లాసు అందిస్తున్న రమ్య ముందే, "మీరొక్కరే రండక్కా" అంది. రమ్య గ్లాసు ఇచ్చి లోపలికి పోయింది. సొంత కొట్టులో కూడా అంతే అయింది. మొదటి బేరం అయ్యేదాకా రమ్య కిందికి దిగకూడదని ఎవరూ అనలేదు, కానీ ఆమె దిగడం మానేసింది. దిగమని కూడా ఎవరూ అనలేదు.

ఇట్లా ఉండగా తిరువళ్ళూరులో రైల్వేస్టేషను దారిలో ఒక కొట్టు ఖాళీ అయితే చంద్రావతి ఠక్కున అద్దెకు తీసుకుంది. తిరుత్తణిలో మాగిన పండు టెంపోలో అక్కడికి పోతుంది, రైలు దిగే జనం కొంటారు. ఆడి పోయి ఆవణి నెల రాగానే తెరవాలని అనుకున్నారు. అక్కడ ఎవరు కూర్చోవాలన్నదే ప్రశ్న. చంద్రావతి తన తమ్ముడి కొడుకు శ్రీరాఘవ్ పేరు చెప్పింది. ఆ రోజు అన్నాలు తినేటప్పుడు రమ్య వడ్డిస్తూ ఆగి, "అత్తా, నేను కూర్చుంటా" అంది.

చంద్రావతి ముద్ద కలుపుతూ తలెత్తింది.

"చదువుకున్నా. తూకం తెలుసు. పండు చూస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పగలను, మిమ్మల్ని చూసి నేర్చుకున్నా. మా తిరునిన్రవూరు పక్కనే, ఊరు కూడా నాకు తెలిసిందే. నాకు ఈ ఒక్కటి ఇవ్వండి."

అత్తకు కోడలి మీద కోపం లేదు. తెలివైన పిల్లని లోలోపల మెచ్చుకుంటుంది కూడా. అయినా కొట్టు అంటే కొట్టే. "అన్నీ సరేమా. మొగ్గ నిలవని చేత్తో కొట్టు తెరిస్తే ఎట్లా చెప్పు?"

భక్తవత్సలం మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. రమ్య ముఖం ఎర్రబడింది గానీ గొంతు మారలేదు. "ఈ ఏడు కూడా మొగ్గలు వచ్చినాయి. అవి నిలిచి పూస్తే?"

"పూస్తే తిరువళ్ళూరు కొట్టు తాళంచెవి నీదే. రాలిపోతే శ్రీరాఘవ్‌ది. ఇంక ఆ మాట ఎత్తకూడదు."

"తర్వాత అడ్డం తిరగవు కదా?" అన్నాడు భక్తవత్సలం.

"నేనా?" అంది చంద్రావతి. నిజమే, ఆమె మాట తప్పిందని ఆ బజారులో ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఆ వేసవి అంతా మొగ్గలు చక్కగా ఊరాయి. రెండు కాడలకు రెండు గుత్తులు. ఎండాకాలం కాయ దానంతటదే మాగుతుంది, పొగగదితో పని తక్కువ. అందుకని చంద్రావతికి తీరిక దొరికేది. మిరపకాయలు ఎండబెట్టే నెపంతో మేడెక్కి, అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గర నిలబడేది. ఆవగింజలు మిరియాలయ్యాయి, మిరియాలు పచ్చిశనగలంత అయ్యాయి. దాచడమెందుకు, ఆమెకు వాటి మీద ప్రేమ పుట్టింది. పూస్తే బాగుండునని అనుకుంది, తాళం సంగతి తర్వాత. కుండీ కదిపితే మొగ్గలకు మంచిది కాదని రమ్య చెప్పిందని, ఇల్లు కడిగేటప్పుడు ఆ పక్కకు ఎవరినీ పోనివ్వలేదు.

మురుగన్ పండగ ఆడి కృత్తిక దగ్గరికి వచ్చింది. కావడులు ఎత్తుకుని జనం కొండకు వచ్చే రోజులు, తిరుత్తణిలో పండ్లకొట్టు ఉన్నవాడికి ఊపిరి ఆడని రోజులు. లక్ష్మీకాంత్ టెంపో వెంట టెంపో గెలలు దించాడు. చంద్రావతి ఎప్పటిలాగే చేతులు కడుక్కుని, మురుగా అనుకుని, చట్టిలో నిప్పు పెట్టింది. మరునాడు బొక్క దగ్గర ముక్కు పెట్టి చూసి, "తీసేయండి" అంది. పొగ గోడ వెంట తెల్లగా పైకి పోయింది. ఆ రోజే ఇంకో దఫా గెలలు ఎక్కించారు.

ఆ వారం కాకముందే మొగ్గల కాడలు పసుపు తిరిగాయి. చంద్రావతి మేడెక్కేసరికి రమ్య కిటికీ కింద చతికిలబడి, నేల మీద రాలిన మొగ్గలను ఒక్కొక్కటే అరచేతిలోకి ఏరుకుంటోంది. ఏడవడం లేదు. అత్తను చూసి లేచి నిలబడింది.

"శ్రీరాఘవ్‌కి ఫోను చేసి చెప్పండత్తా" అని వంటింట్లోకి పోయింది.

గెలిచినందుకు చంద్రావతికి సంతోషం కలగలేదు. అన్నం సయించలేదు. ఫోను కూడా చేయలేదు, పండగ హడావిడి అయ్యాక చూద్దామనుకుంది.

ఆ మరునాడు పొద్దున సెల్వి దగ్గర మల్లెలు కొని, ఆ మూరను రెండుగా తెంపి, సగం మేడ మీద వెనక గదిలో ఉన్న దేవుడికి పెట్టింది, సగం కింద కొట్టు ముందున్న మురుగన్ పటానికి వేసింది. మధ్యాహ్నం పైకి పోయి చూస్తే దేవుడి దగ్గర పూలు గోధుమరంగు తిరిగి వాలిపోయి ఉన్నాయి. ఇందులో వింతేమీ లేదు. "మీ ఇంట్లో పూలు ఒక పూట నిలవవక్కా" అని సెల్వి ఎప్పుడూ అనేదే, మేడ వేడని వీళ్ళు సరిపెట్టుకునేదే. ఆ వాడిన పూలు చేతిలో పట్టుకునే ఆమె కిందికి దిగింది. పటానికి వేసిన సగం ఇంకా తెల్లగా, పొద్దున కట్టినట్టే ఉంది. పటం ఉన్నది వీధి మీద, ఎండ కొట్టే చోట. వేడి అక్కడే ఎక్కువ.

చంద్రావతి రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకే మూర, ఒకే పొద్దున.

మళ్ళీ మేడెక్కింది. ఈసారి మెట్లు ఆయాసం లేకుండా ఎక్కేసింది. కిటికీ గట్టు మీద రమ్య పచ్చడికని పెట్టిన పచ్చి టమాటాలు ఉన్నాయి. గోడవైపు ఉన్నవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి, కిటికీవైపువి ఎర్రగా పండిపోయాయి. టమాటాలు పండటం చూసి చంద్రావతికి ఒకరు చెప్పాలా? అంత వయసూ కాయను పండు చేస్తూనే గడిచింది. పొగ తగిలితే కాయ తొందరపడి మాగుతుంది. అదే గాలి లేత మొగ్గకు తగిలితే అదీ తొందరపడుతుంది, కానీ మొగ్గ తొందరపడితే పోయేది నేలమీదికే. కిటికీలోంచి తల బయట పెట్టి కిందికి చూసింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పొగ వదిలే బొక్క, దాని మీద గోడకు నల్లటి మసి కిటికీదాకా పాకి ఉంది. ఎండాకాలం పొగ లేదు, మొగ్గ నిలిచింది. ఆడి వచ్చింది, పొగ వచ్చింది, మొగ్గ రాలింది. ప్రతి ఏడూ అదే వరస. వరండాలో ఆమె తీగలు పచ్చగా నవనవలాడుతున్నాయి. వాటికి రాలడానికి మొగ్గలేవీ?

తలపైన మేకు ఉంది. తాను కొట్టిన మేకే.

ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే తెలియబోదు కూడా. శ్రీరాఘవ్ మంచి కుర్రాడు, కొట్టు బాగానే చూసుకుంటాడు. కైరాశి చంద్రావతి మాట పొరపాటని బజారులో అనిపించుకోవడం ఆమెకు కొత్త, ఆ కొత్త రుచి ఆమె కోరుకోలేదు. ఇవన్నీ ఆమె మనసులోకి వచ్చాయి. వచ్చినంత వేగంగా వాటిని కసిరికొట్టింది. కాయలో ఒక్క మచ్చ ఉంటే చీపు చీపంతా, అంటే ఆ అత్తం మొత్తం పక్కన పెట్టే మనిషి, తనలో ఇంత మచ్చ పెట్టుకుని కూర్చోగలదా?

మరునాడు పొద్దున కొట్టు తెరిచారు. సెల్వి బుట్టతో వచ్చింది, మునియమ్మ పండ్లకు వచ్చింది, కొండకు పోయేవాళ్ళు నలుగురు నిలబడ్డారు. బోణీ ఇంకా కాలేదు. చంద్రావతి మెట్ల కింద నిలబడి, "రమ్యా, కిందికి రా" అని పిలిచింది. "బోణీ కాలేదు కదత్తా" అంది రమ్య పైనుంచే. "బోణీ కాలేదనే పిలుస్తా ఉండా. రా."

రమ్య కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ మెట్ల మధ్యలో ఆగింది.

"సెల్వీ, బుట్ట దించి విను" అంది చంద్రావతి. గొంతు తగ్గించలేదు, తగ్గించడం ఆమెకు రాదు. "పోయినసారి నేను చెప్పిన మాట ఇంటింటికీ మోసినావు. ఇది కూడా అంతే శ్రద్ధగా మోయాల. మా కోడలి తీగ మొగ్గలు రాల్చింది దాని చెయ్యి కాదు, నా పొగ. కిటికీకి మేకు కొట్టింది నేను, దాని కింద పొగ వదిలింది నేను. ఇన్నేండ్లూ పేరు మాత్రం దానిది చెడింది. మునియమ్మా, నీకు కూడా వినబడిందా?"

మునియమ్మ తల ఊపింది. సెల్వి పూలమీద నీళ్ళు చల్లింది.

రమ్య ఇంకో రెండు మెట్లు దిగింది. అందరూ చూస్తుండగా మాట్లాడటం ఆ పిల్లకు అలవాటు లేదు, అయినా ఈసారి ఆపుకోలేకపోయింది. "పాలు విరిగినా, దోసె పెనానికి అంటుకున్నా, నా చెయ్యి నేనే చూసుకుంటా ఉన్నానత్తా. నిజంగానే ఏమో ఉందని నమ్మేసినా. మా అమ్మకు కూడా చెప్పుకోలేదు."

చంద్రావతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బజారు ఆ కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు. తుడుచుకోలేదు. బొడ్డున దోపిన తిరువళ్ళూరు కొట్టు తాళంచెవి తీసి అందించింది. "తప్పు నాదే. దానికి నేను ఏం చేసినా చాలదు. ఇది పట్టు."

"పందెం ఓడిపోయినా కదా" అంది రమ్య.

"నిప్పు నా చేతిలో పెట్టుకుని నీతో పందెం కట్టినా. అదేం పందెం? పట్టుమా, జనం నిలబడి ఉండారు."

రమ్య తాళంచెవి పుచ్చుకుంది. గల్లాపెట్టె వెనక నుంచి భక్తవత్సలం, "అడ్డం తిరగనని చెప్పింది. తిరగలేదు" అని సాక్ష్యం పలికాడు. కొండకు పోయే పెద్దాయన ఒకరు పండ్లు అడిగితే ఆ రోజు బోణీ రమ్య చేతి మీదుగా అయింది.

ఆవణిలో తిరువళ్ళూరు కొట్టు తెరిచారు. రమ్య పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. తీగను తనతోనే తీసుకుపోయింది. కొట్టు లోపల అంతా తిరిగి, ఒక కాగితం ముక్క కాల్చి ఆ పొగ ఎటు పోతుందో చూసుకుని, వీధి గాలి లోపలికి కొట్టే పక్క కిటికీకి కుండీ తగిలించింది. మాగిన పండ్లు దానికి దూరంగా, రెండో పక్క పేర్చింది. బోడి కాడలను మాత్రం ముట్టుకోలేదు.

చలి తగ్గి మాశి నెల వచ్చాక ఒకరోజు రమ్య ఫోను చేసి, "అత్తా, సాయంత్రం వస్తారా?" అంది. ఎందుకని చంద్రావతి అడగలేదు. పట్టుచీర కట్టుకుని రైలెక్కింది.

తిరువళ్ళూరులో దిగి కొట్టు దారి పట్టిందో లేదో వాసన వచ్చింది. తియ్యగా, కొంచెం కాచిన పాలలాగా. కొట్టు ముందు రైలు దిగిన జనం ఆగి, ఎక్కడిదీ వాసన అని తలలు ఎత్తి చూస్తున్నారు. కత్తిరించి పారేయమని తాను చెప్పిన ఆ పాత కాడలకే రెండు గుత్తులు విచ్చుకుని ఉన్నాయి. లేత గులాబీ చుక్కలు, ఒక్కోదాని నడుమ ఎర్రటి బొట్టు, బొట్టు మీద తేనె. చంద్రావతి పొగ బొక్క దగ్గర పెట్టినట్టే గుత్తి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. 

పక్క కొట్టులో ఆరోగ్యమేరీ అనే ఆమె టైలరింగు షాపు మొదలుపెడుతోంది. చంద్రావతి పేరు ఆమె చెవిన కూడా పడింది. వచ్చి, "అక్కా, మీది మంచి కైరాశి అంటారు. రేపు తెరుస్తా ఉన్నా, బోణీకి మీరు రావాల" అంది.

"నన్నెందుకు, మా కోడలిని పిలు" అంది చంద్రావతి వెంటనే, ఛాతీ విరుచుకుని. "ఆ తీగ చూసినావు కదా. అదీ చెయ్యంటే."

రమ్య తూకం వేస్తున్న పండ్లు పక్కన పెట్టింది. "వద్దత్తా."

"ఎందుకు వద్దు?"

"ఈరోజు పూసినందుకు నా చెయ్యి అంటే, రేపు రాలినప్పుడు కూడా నా చెయ్యే అంటారు. నాకు రెండూ వద్దు. గాలి యాడ్నించి వస్తుందో చూసి తగిలించినా. అంతే నేను చేసింది."

ఆ మాట చంద్రావతికి ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందా అని వెతుక్కుంటూ పోతే, పొగగది తలుపు కింద వేలు పట్టే సందు దగ్గర తేలింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"మేరీ, నా కైరాశి సంగతి చెప్తా విను" అంది. "మా మామ నా చేతికి అగ్గిపెట్టె ఇచ్చినప్పుడు తలుపు కింద ఇంత సందు ఉండింది. ముందు పెట్టిన పొగంతా అందులోంచి పోతా ఉండింది. మన్ను పెట్టించినా, కాయ మాగింది. రాశీ లేదు, ఏమీ లేదు. మన్ను." ఒక్క క్షణం ఆగి, ఉండబట్టలేక అందుకుంది. "అయితే ఆ సందు అంతమందిలో చూసింది ఎవరు? నేనే కదా."

రమ్య నవ్వేసింది. ఆ ఇంటికి వచ్చాక అత్త ముందు అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

మేరీ ముఖం చిన్నబుచ్చుకుంది. "అయితే నాకు బోణీ చేసేదెవరు?"

"ఇద్దరం వస్తాం, జాకెట్లు కుట్టించుకునేదానికి. కుట్టు బాగుంటే మళ్ళీ వస్తాం, లేకపోతే రాము. ఇప్పుడే కొలత తీసుకో, నాకు రైలు ఉంది" అని చంద్రావతి కుడిచెయ్యి చాచింది. తిరుత్తణి బజారు రోజూ పొద్దున ఎదురుచూసే చెయ్యి అది. మేరీ టేపు చుట్టి చూసి అంకె చెప్పింది. ఆ వయసు ఆడవాళ్ళకు మామూలుగా ఉండే కొలతే.